గడియారం మాత్రం నడుస్తోంది

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
ఫిబ్రవరి 4

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఒక్క లాప్‌టాప్ తప్ప. అక్కడ నువ్వూ, నువ్వు కాపలా కాసే ఆ పెద్ద గొడుగూ కూడా బాగానే ఉన్నారనుకుంటాను. రేడియో టెలిస్కోపు అంటారట, ఆకాశంలోంచి వచ్చే చప్పుళ్ళు వినే గొడుగట, చుట్టూ పది మైళ్ళలో ఎవరి ఫోనూ మోగకూడదట! యాభై నాలుగేళ్ళ మనిషివి, నిక్షేపంలాంటి కంప్యూటర్ రిపేరు షాపు మూసేసి, వెళ్ళి వెళ్ళి అలాంటి చోట కుదురుకున్నావు. పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు చూడు, నాకు అవసరం పడితే కాగితం, కలం పట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది.

సంగతేమిటంటే, వెళ్ళే ముందు నువ్వే ఎంచి కొనిపెట్టిన లాప్‌టాప్ మూడు వారాలుగా హ్యాంగ్ అవుతోంది. మూత పూర్తిగా వెనక్కి మడిచి పలకలా పట్టుకోవచ్చని మురిపించావే, అదే. నేనెప్పుడూ మడవలేదు, మడిచే అవసరమూ రాలేదు. బుద్ధిగా బల్ల మీద పెట్టుకుని పత్రికకి గళ్ళ నుడికట్టు తయారుచేసుకుంటాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే. గళ్ళు నింపుతూ ఉంటాను, ఉన్నట్టుండి మీటలు పలకవు. బాణం గుర్తు కదలదు. అక్షరాలన్నీ ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి, ఒక్కటీ నా మాట వినదు. స్విచ్ నొక్కి పట్టుకుని చంపేసి, మళ్ళీ లేపుతాను. చేసిందంతా పోతుంది. నిన్న ఒక్కరోజే నాలుగుసార్లు.

మీ బావ తన కుట్టుమిషను వదిలి వచ్చి దాని వీపు మీద ఒక్కటిచ్చాడు. దానివల్ల ఆయన చెయ్యి నొప్పెట్టింది, అంతే. ఈ ఊళ్ళో షాపతనికి ఇవ్వమంటాడు. నీకు చెప్పకుండా ఎవరికీ ఇవ్వను. తొందరగా ఏదో ఒకటి చెప్పు, నా తల ప్రాణం తోకకొస్తోంది.

మీ అక్క

*

కేంద్రం, మీటర్ల గది
ఫిబ్రవరి 11

అక్కా,

ఇక్కడికి ఉత్తరాలు శనివారం జీపులో వస్తాయి. నీ కవరు బరువు చూడగానే లోపల తిట్లున్నాయని తెలిసిపోయింది. బావ చేతికి నా సానుభూతి చెప్పు.

హ్యాంగ్ అవుతోంది అంటే ఎలా? డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఒంట్లో బాగాలేదు అని ఊరుకుంటామా? ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని చెప్పాలి. నేనడిగినవాటికి ఒక్కొక్కదానికీ జవాబు రాయి.

ఛార్జర్ తగిలించి ఉన్నప్పుడు ఆగుతోందా, తీసేసినప్పుడు కూడానా? కొన్ని ఛార్జర్లు కరెంటు సరిగ్గా ఇవ్వక మీటల్ని పిచ్చెక్కిస్తాయి. తీసేసి ఒక రోజంతా పని చేసి చూడు. అడుగున చెయ్యి పెట్టు, కాలుతోందా? మెత్తటి గుడ్డ మీద పెట్టకు, దానికి గాలాడదు. ఆగినప్పుడు ఏం చేస్తూ ఉన్నావో రాసుకో. ఇంకొకటి, ఇదే ముఖ్యం. అది ఆగిపోగానే స్విచ్ జోలికి పోకు. చేతులు కట్టుకుని కూర్చుని తెర మూలనున్న గడియారం చూడు. నిమిషం మారుతోందా లేదా? మారకపోతే మొత్తం యంత్రమే బిగుసుకుపోయిందని అర్థం. మారుతూ ఉంటే అది వేరే కథ.

నీ ఉత్తరం వచ్చాక నాకు ఎంత హుషారొచ్చిందో చెప్పలేను. పాత షాపు నోటుబుక్కు బయటికి తీశాను. దీని సంగతేమిటో తేల్చేద్దాం.

తమ్ముడు

*

ఇల్లు, కుట్టుమిషను పక్కన
ఫిబ్రవరి 18

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా చేశాను. ఛార్జర్ తీసేసి రెండు రోజులు పని చేశాను. తగిలించినా ఆగుతోంది, తీసినా ఆగుతోంది. అడుగున వేడి లేదు. గుడ్డ మీద పెట్టలేదు, చెక్క బల్ల మీదే. ఏం చేస్తుండగా ఆగుతోందంటే, అన్నీ చేస్తుండగానూ. అడ్డం ఆధారాలు రాస్తుంటే ఆగింది, నిలువు రాస్తుంటే ఆగింది, ఏమీ రాయకుండా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తుంటే మాత్రం ఆగలేదు.

ఇక గడియారం. చేతులు కట్టుకుని కూర్చున్నాను. పది నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. నడుస్తోందిరా! మీటలు చచ్చాయి, గడియారం మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. చూస్తూ కూర్చుంటే నాకే వింతగా అనిపించింది. కాసేపటికి చెయ్యి పెడితే దానంతటదే పలికింది. మళ్ళీ రెండు లైన్లు రాశానో లేదో, బిగుసుకుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, నవ్వకు. పోయిన ఆదివారం పత్రికలో వచ్చిన నుడికట్టు, దానికి రెండు వారాల ముందు వచ్చినదే. అవే గళ్ళు, అవే ఆధారాలు. నేనే పంపాను. పేజీ చూసే అమ్మాయి మర్యాదగా ఫోన్ చేసి, 'అమ్మా, పొరపాటున పాతది వచ్చినట్టుంది' అంది. నేను కొత్తది పంపానని ఒట్టేసి చెప్పాను. తీరా చూస్తే పాతదే. ఈ లాప్‌టాప్ ఆగినప్పుడల్లా చంపి లేపుతూ ఏది దాచుకున్నానో, ఏది పోయిందో నాకే తెలియట్లేదు. అంతేనా? లేక ఇంకేమైనానా?

అమ్మకి కూడా ఆ మతిమరుపు రోగం ఇలాగే మొదలైంది కదరా. నర్సు డ్యూటీలో ఉండగా వార్డులో ఒకే మనిషికి ఒకే మాత్ర రెండుసార్లు ఇచ్చి ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడకి అప్పుడు యాభై ఏడు. నాకు పోయిన నెలలో యాభై ఏడు నిండాయి. మీ బావకి ఈ మాట చెప్పలేదు. నీకే చెప్తున్నాను.

అక్క

*

కేంద్రం, మీటర్ల గది
ఫిబ్రవరి 25

అక్కా,

అమ్మ సంగతి ఎత్తకు. ఎత్తావంటే ఉత్తరం చించేస్తాను. పాతది పంపడానికి నీ బుర్ర అక్కర్లేదు, అర్ధంతరంగా చచ్చే లాప్‌టాప్ చాలు. నా షాపుకి ఇలాంటి వాళ్ళు వారానికి పదిమంది వచ్చేవాళ్ళు.

ఛార్జర్ తీసినా ఆగుతోందంటున్నావు కాబట్టి కరెంటు గొడవ కాదు, అది కొట్టేశాను. వేడి కూడా కాదు. గడియారం నడుస్తోందంటే యంత్రం బతికే ఉంది, మీటలూ, బాణమూ మాత్రమే పోతున్నాయి. రెండూ ఒకేసారి ఎందుకు పోవాలి? రెండింటికీ వేరువేరు తీగలు. దీనికి కారణం నాకు తెలుసక్కా, ఎక్కడో విన్నాను, నాలుక చివరే ఉంది, బయటికి రావట్లేదు. నోటుబుక్కు మొత్తం తిరగేశాను, రాసుకోలేదు.

ఈలోగా షాపతనికి ఇయ్యి. నేను కాదనను. మీటల పలక విప్పి కింద తీగ వదులుగా ఉందేమో చూడమను. పక్కనే కూర్చో, లేకపోతే తీయక్కర్లేనివన్నీ తీస్తాడు.

బావ మోకాలు ఎలా ఉంది?

తమ్ముడు

*

ఇల్లు, వంటగది బల్ల
మార్చి 5

తమ్ముడూ,

బావకి పోయింది మోకాలు కాదు, చెయ్యి. లాప్‌టాప్‌ని కొట్టి. అదెప్పుడో తగ్గిపోయింది.

షాపుకి తీసుకెళ్ళాను. మంచి చీర కట్టుకుని, వాచీ పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టు వెళ్ళాను. షాపతను పెద్దమనిషే, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఓపిగ్గా విన్నాడు. మీటల పలక విప్పి చూశాడు, తీగ గట్టిగానే ఉంది. తర్వాత నన్నే కూర్చోబెట్టి, 'మీరు ఇంట్లో ఏం చేస్తారో అదే చెయ్యండమ్మా' అన్నాడు. మూడు గంటలు కూర్చుని ఒక నుడికట్టు మొత్తం పూర్తిచేశాను. ఒక్కసారంటే ఒక్కసారి ఆగితే ఒట్టు! నాకు ఏడుపొచ్చింది. ఆగమని దాన్ని బతిమాలుకున్నాను.

ఇంటికొచ్చి, చీర మార్చుకుని, టీ పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో నిమిషంలో బిగుసుకుంది.

మర్నాడు మళ్ళీ మోసుకెళ్ళాను. మళ్ళీ బంగారంలా పనిచేసింది. ఈసారి షాపతని మొహం మారింది. 'అమ్మా, ఇంట్లో మీరు ఏదైనా తప్పు మీట నొక్కుతున్నారేమో, గుర్తుచేసుకోండి' అన్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు. అమ్మతో డాక్టర్లు మాట్లాడినట్టు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంట్లో కరెంటు తేడానా? గోడలో తేడానా? బల్లలో తేడానా? బల్ల మార్చాను, గది మార్చాను, మీ బావని వేరే గదిలోకి తోలేశాను. ఆగుతూనే ఉంది. మీ బావ ముట్టుకుంటే మాత్రం ఆగట్లేదు! ఒక గంట పాటు పేకాట ఆడుకున్నాడు దాంట్లో. నేను కూర్చోగానే ఆగింది. అంటే తేడా నాలోనే ఉందా?

అక్క

*

కేంద్రం, మీటర్ల గది
మార్చి 12

అక్కా,

షాపులో పనిచేసి ఇంట్లో ఆగుతోందంటే నాకు అనుమానం ముందు కరెంటు మీదే పోతోంది. నువ్వు ఛార్జర్ తీసేసి ఒకసారి పనిచేసి చూడాలి. ఇది మొదటే చెయ్యాల్సిన పని, నువ్వు చేసినట్టు ఎక్కడా రాయలేదు. కొన్ని ఛార్జర్లు మీటల్ని పిచ్చెక్కిస్తాయి. షాపులో వాళ్ళ ఛార్జర్ పెట్టి ఉంటారు, అందుకే పనిచేసింది.

అలాగే అది ఆగినప్పుడు తెర మూలనున్న గడియారం నడుస్తోందో లేదో చూసి రాయి. చాలా ముఖ్యం అది. అది తెలిస్తే సగం తేలిపోయినట్టే.

జవాబులు పూర్తిగా రాయి అక్కా. సగం సగం చెప్తే నేనిక్కడి నుంచి ఏం చెయ్యగలను?

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. గొడుగుని పడుకోబెట్టేశారు. నేను మీటర్లు చూసి అంకెలు రాస్తున్నాను.

తమ్ముడు

*

ఇల్లు
మార్చి 18

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

రాశాననుకున్నానురా. ఛార్జర్ సంగతీ, గడియారం సంగతీ రెండూ రాశాననే అనుకున్నాను. ఏ కాగితం మీద, ఏ కలంతో రాశానో కూడా కళ్ళ ముందు కనిపిస్తోంది. 'నడుస్తోందిరా' అని రాసినట్టు కూడా గుర్తు. రాయలేదన్నమాట. మనసులో రాసుకుని కాగితం మీద పెట్టినట్టు భ్రమపడ్డానన్నమాట. అమ్మ కూడా అంతేగా, 'ఇచ్చాను, నా చేత్తో ఇచ్చాను' అనేది ఇవ్వని మాత్ర గురించి. మనమేమో కోప్పడేవాళ్ళం.

సరే, మళ్ళీ రాస్తున్నాను. ఛార్జర్ తీసినా ఆగుతోంది. గడియారం నడుస్తోంది. ఈ రెండు వాక్యాలూ మీ బావకి చదివి వినిపించి, ఆయన ఎదురుగానే కవరు అంటిస్తున్నాను. ఎందుకని అడిగాడు. ఊరికే అన్నాను.

నాకు భయంగా ఉంది. ఎవరికైనా గట్టిగా చెప్పుకోవాలని ఉంది, కాబట్టి నీకు చెప్తున్నాను. మాటలతో బతికేదాన్ని నేను. ఇల్లు పోయినా ఏడవను, మాటలు పోతే ఎలారా? మొన్న ఒక ఆధారానికి ఐదక్షరాల మాట కావాల్సి వచ్చింది, అరగంట దాకా తట్టలేదు. అంతకు ముందు కూడా తట్టని రోజులున్నాయి, కానీ అప్పుడు నేను లెక్కపెట్టేదాన్ని కాదు. ఇప్పుడు ప్రతిదీ లెక్కపెడుతున్నాను.

శుక్రవారం పత్రిక ఆఫీసుకి వెళ్ళి ఈ నెలాఖరుతో మానేస్తానని చెప్పేస్తాను. పదిమందీ నవ్వేదాకా ఆగడం నాకిష్టం లేదు.

అక్క

*

కేంద్రం
మార్చి 25

అక్కా,

పత్రికకి అప్పుడే ఏమీ చెప్పకు. ఒక్క నెల ఆగు. ఎలాగైనా ఆగు.

నీకేమీ కాలేదు. అది మాత్రం నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కు.

మర్చిపోవడం అందరికీ ఉండేదే. ఉత్తరాల్లో ఒక్కోసారి ఒకటి తప్పిపోతుంది. పట్టించుకోకు. లాప్‌టాప్ గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

బావకి నమస్కారాలు.

తమ్ముడు

*

ఇల్లు, పేజీ అమ్మాయి పంపిన స్వీట్లు తింటూ
ఏప్రిల్ 2

ఒరేయ్ ఒరేయ్ ఒరేయ్,

దొరికింది! నేనే పట్టుకున్నాను!

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది, అప్పటికే శుక్రవారం వెళ్ళి పేజీ అమ్మాయికి చెప్పేశాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది వేరే సంగతి, ముందు ఇది విను.

మొన్న మీ బావ బ్లౌజు కుట్టుకుంటూ గుండుసూదుల డబ్బా బల్ల మీద ఒలకబోశాడు. నేను ఏరుదామని చెయ్యి పెట్టాను. సూదులు ఎగిరొచ్చి నా మణికట్టుకి అతుక్కున్నాయి! పది పన్నెండు సూదులు, గుత్తుగా. మీ బావ గట్టిగా కేకేశాడు. అవి అతుక్కుంది నా కంకణానికి.

కంకణం సంగతి నీకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా చెప్తాను. జనవరి నుంచి కుడి మణికట్టు నొప్పి. మందుల షాపావిడ అయస్కాంతపు కంకణం పెట్టుకోమంది, నెత్తురు బాగా ఆడుతుందట. పెట్టుకున్నాను. నీకు చెప్తే పగలబడి నవ్వుతావని తెలుసు. 'అయస్కాంతంతో రోగాలు తగ్గితే డాక్టర్లెందుకు' అని మీ షాపులో ఒకావిడని ఏడిపించావుగా, నేనక్కడే ఉన్నాను. అందుకే నోరు మెదపలేదు. బయటికి వెళ్ళినప్పుడు అది తీసేసి అదే చేతికి వాచీ పెట్టుకుంటాను, కంకణం చూడ్డానికి బాగోదు మరి. అర్థమైందా? ఇంట్లో కంకణం, షాపులో వాచీ. ఇంట్లో ఆగడం, షాపులో ఆగకపోవడం!

కంకణం తీసి మీటల పక్కన పెట్టాను, బిగుసుకుంది. దూరం జరిపాను, పలికింది. పదిసార్లు చేశాను, చిన్నపిల్లలా. పరుగున షాపతని దగ్గరికి వెళ్తే నెత్తి కొట్టుకున్నాడు. మూత వెనక్కి మడిచినట్టు లాప్‌టాప్‌కి తెలియాలంటే లోపల అయస్కాంతాన్ని పసిగట్టే ముక్క ఉంటుందట. నా చెయ్యి దగ్గరికెళ్ళగానే అది, ఓహో, మడిచేశారు, పలకలా పట్టుకున్నారు, ఇక మీటలతో పనిలేదు అనుకుని వాటిని ఆపేస్తుందట. అందుకే గడియారం నడిచేది. ఆలోచిస్తూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే ఆగకపోవడానికీ అదే కారణం. నేను పిచ్చిదాన్ని కాను!

పేజీ అమ్మాయికి ఫోన్ చేసి మానట్లేదని చెప్పాను. స్వీట్లు పంపింది.

ఇప్పుడు నెమ్మదిగా ఒక మాట అడుగుతాను.

సంతోషం పట్టలేక, నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మొదటి నుంచీ చదివాను. ఫిబ్రవరి ఇరవై ఐదున నువ్వే రాశావు, 'ఛార్జర్ తీసినా ఆగుతోందంటున్నావు కాబట్టి కరెంటు గొడవ కాదు' అని. 'గడియారం నడుస్తోందంటే యంత్రం బతికే ఉంది' అని కూడా. నీ చేతిరాతే. అంటే నేను రాశాను, నీకు అందింది, నువ్వు చదివావు. పదిహేను రోజులు తిరిగేసరికి మార్చి పన్నెండున ఆ రెండూ మళ్ళీ అడిగావు, నేను రాయలేదన్నావు. నేను నమ్మాను. నా బుర్ర మీద నాకే అనుమానం కాబట్టి, తప్పు నాదే అయ్యుంటుందనుకున్నాను. నీ వైపు చూడనేలేదు.

నోటుబుక్కు తిరగేసినా గుర్తురాలేదన్నావు. లాప్‌టాప్ మూతలో ఈ ముక్క ఉంటుందని కొన్నరోజు నాకు చెప్పింది నువ్వేరా. నాకు అర్థం కాక తలూపాను. బావకి లేని మోకాలి నొప్పి అడిగావు.

నాకేమీ కాలేదని నీకెలా తెలుసు? అడక్కు అన్నావు. అడుగుతున్నాను.

అక్క

*

కేంద్రం, మీటర్ల గది
ఏప్రిల్ 9

అక్కా,

ఈ ఉత్తరం ఐదోసారి రాస్తున్నాను. నాలుగు చించాను.

నాకే అక్కా. నీకు కాదు.

ఇక్కడికి రాకముందే పరీక్షలు చేసి చెప్పారు. అమ్మకి వచ్చిందే, అమ్మ కంటే నాలుగేళ్ళు ముందు. షాపు ఎందుకు మూశాననుకున్నావు? ఒకాయన కంప్యూటర్ విప్పి, మరలన్నీ బల్ల మీద పరుచుకుని, తిరిగి బిగించడం తెలియక కూర్చుండిపోయాను. ఆయన వస్తే పార్టు రాలేదని అబద్ధం చెప్పాను. మూడు రోజులు చెప్పాను. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసిన పని అది.

ఇక్కడి పెద్దాయనకి అంతా తెలుసు. నాకు ఇచ్చింది మీటర్లు చూసి అంకెలు రాసే పని మాత్రమే, ఆయన రోజూ ఒకసారి సరిచూసుకుంటాడు. మంచివాడు. ఈ ఉద్యోగమే ఎందుకు కోరి తెచ్చుకున్నానంటే, ఇక్కడ ఫోన్లు లేవు. ఫోనులో అయితే నువ్వు నిమిషంలో పట్టేసేదానివి. మాట మధ్యలో నేను వెతుక్కుంటే నీకు వినిపిస్తుంది. ఉత్తరం అయితే తీరిగ్గా రాసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, బాగులేకపోతే చించెయ్యొచ్చు. నీకు నేను బాగున్నట్టే కనిపిస్తాను.

నీ లాప్‌టాప్ ఉత్తరం వచ్చినప్పుడు ఎగిరి గంతేశాను. ఇది నాకొచ్చిన పని కదా అని. అది బాగుచేస్తే నేనింకా ఉన్నట్టే అనుకున్నాను.

ఇప్పుడు అసలు తప్పు చెప్తాను. ఛార్జర్ సంగతి రెండోసారి అడిగి పోస్టు చేశాక, నువ్వు జవాబు రాసిన ఉత్తరం నా సొరుగులో దొరికింది. 'నడుస్తోందిరా' అని రాశావు, అలాగే రాశావు. అప్పటికి నువ్వు 'రాయలేదన్నమాట' అని భయపడుతూ రాసిన ఉత్తరం కూడా వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క లైను రాస్తే చాలు, నీ భయం పోయేది. రాయలేదు. మర్చిపోవడం అందరికీ ఉండేదే అని రాశాను. అడిగిందే అడగడం రోగం చేసింది. ఇది మాత్రం నేను చేశాను, బుర్ర బాగుండి, తెలిసి చేశాను. నువ్వు పని మానుకునేదాకా వెళ్ళావు.

క్షమించమని అడగడానికి మొహం లేదు. నువ్వే పట్టుకున్నావు, సంతోషం. కంకణానికి నవ్వను.

తమ్ముడు

*

ఇల్లు
ఏప్రిల్ 15

ఒరేయ్,

నీ ఉత్తరం మీ బావా నేనూ కలిసి చదివాం. ఆయన వెళ్ళి పై గదిలో పరుపు సరిచేసి వచ్చాడు.

నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. నేను అంతగా వణికిపోతుంటే చూస్తూ ఊరుకున్నావు. ముఖాముఖీ దొరికితే చెవి మెలిపెట్టి అడుగుతాను, అది నీకు రావాల్సిందే. కానీ ఆ కోపం కిందే ఇంకొకటి ఉంది, దానికి ఏం పేరు పెట్టాలో ఇరవై రెండేళ్ళు మాటలతో పనిచేసినదానికి కూడా తెలియట్లేదు. పదహారు నెలలు ఒక్కడివే ఇది మోసుకుని తిరిగావు. ఎందుకురా? నేను చచ్చాననుకున్నావా?

ఈ ఉత్తరం అందాక వచ్చే శనివారం, అదే ఉత్తరాల జీపులో నేను వస్తున్నాను. డ్రైవర్‌తో మీ బావ మాట్లాడాడు. ఈ మాటే ఇంకో కాగితం మీద రాసి మీ పెద్దాయనకి కూడా పంపుతున్నాను, నువ్వు మర్చిపోయినా ఆయన నిన్ను గేటు దాకా తీసుకొస్తాడు. అక్కడ ఎన్నాళ్ళు ఉంటావో, ఇక్కడికి ఎప్పుడు వస్తావో, డాక్టర్లేమంటారో అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం. నాకూ ఏమీ తెలియదు. తెలిసినట్టు నటించను.

ఒక్క షరతు. నా ముందు మాట దొరక్కపోతే ఆగిపో. తప్పు మాట వస్తే రానివ్వు. అడిగిందే అడుగు. నువ్వు చక్కగా దిద్దుకున్న ఉత్తరాలు నాకు చాలు, ఇక వద్దు. నీ గొంతు విని ఏడాది దాటిపోయింది. తడబడుతూనే మాట్లాడు, నేను వింటాను.

అక్క